చూశానని చెప్పు

క్రితం వారం కథను ర్యాంపు మీద వదిలాం. పసుపుబండి ట్రాలీ మీద నుంచి నీళ్ళలోకి జారుతోంది. అన్నదమ్ములిద్దరూ ఆ ట్రాలీని చెరో పక్కా పట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా తోస్తున్నారు. మధ్యలో పెద్ద కోడలు నిలబడి ఉంది. ఆ ఇంట్లో ఆవిడ చోటెప్పుడూ అదే.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళు కంగారు పడక్కర్లేదు, చెబుతాను. ఆ ఒడ్డున నీళ్ళబండ్లు అద్దెకిచ్చే షెడ్డు ఒకటుంది. బోర్డు మీద జెట్ స్కీ అని రాసి ఉన్నా ఇంట్లో అందరికీ అవి నీళ్ళబండ్లే. తండ్రి పోయాక షెడ్డు ఇద్దరు కొడుకులకు వచ్చింది. పెద్దవాణ్ని అందరూ మేస్త్రి అంటారు. ఇంజను విప్పాడంటే తిండి కూడా గుర్తుండదు మనిషికి. చిన్నవాణ్ని తుర్రు అంటారు. పుట్టిన దగ్గర్నుంచి ఒకచోట కుదురుగా నిలబడిన పాపాన పోలేదు, అందుకని ఆ పేరు.

నిరుడు కాదు, ముందటేడు, తుర్రు పసుపుబండిని కడిగాడు. ఆ కడగడానికో వరస ఉంది. గొట్టం తగిలించాక ముందు ఇంజను వెయ్యాలి, తర్వాత నీళ్ళు వదలాలి. ఆపేటప్పుడు ముందు నీళ్ళు కట్టెయ్యాలి, తర్వాత ఇంజను. మనవాడు ఏ ఆలోచనలో ఉన్నాడో, ఇంజను ఆపేసి నీళ్ళు వదిలేసి ఫోను మాట్లాడుకుంటూ వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఇంజను కడుపు నిండా నీళ్ళు. మేస్త్రి అద్దెకొచ్చిన జనం అందరి ముందూ, "నీ చేతికి సబ్బుపెట్టె కూడా ఇవ్వకూడదురా!" అన్నాడు. "అయితే ఇవ్వకు" అన్నాడు వీడు. అంతే. ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్యా మాట అన్నది లేదు.

ఒకే షెడ్డులో పనిచేస్తూ మాటల్లేకుండా ఎలా కుదురుతుందంటారా? దేవుడు వదినలను ఎందుకు పుట్టించాడనుకున్నారు?

"ఆ పానా ఇమ్మను" అంటాడు మేస్త్రి, తమ్ముడు జానెడు దూరంలో ఉండగా.

"పానా ఇమ్మంటున్నారు" అంటుంది పెద్ద కోడలు.

"బల్ల మీదే ఉందని చెప్పు వదినా."

"బల్ల మీదే ఉందట."

మొదట్లో ఆవిడకు నవ్వొచ్చేది. తర్వాత విసుగొచ్చింది. ఆ తర్వాత అలవాటైపోయింది. కూర కలుపుతూ కూడా ఇటు మాట అటూ అటు మాట ఇటూ చేరవేసేది. తను ఏం చెబుతోందో తనే వినడం మానేసింది. అదీ అసలు ముప్పు. కానీ అప్పటికి ఎవరికి తెలుసు?

ఆ పొద్దున పసుపుబండికి పరీక్ష. ఇంజనంతా విప్పి కొత్తగా కట్టాడు మేస్త్రి. నడిపి చూడాలంటే తన భుజం పట్టేసింది, చెయ్యి పైకి లేవదు. వారం రోజులు ఇటు బతిమాలి అటు బతిమాలి, తుర్రు నడిపేలా ఒప్పించింది పెద్ద కోడలు. ట్రాలీని తోసే ముందు ఆ ముగ్గురి మధ్యా నాలుగు ముక్కలు నడిచాయి. పోయిన వారం చదివినవాళ్ళు కూడా వాటిని పట్టించుకుని ఉండరు. మళ్ళీ వినండి.

"బిరడాలు చూడమను" అన్నాడు మేస్త్రి.

"బిరడాలు చూడమంటున్నారు."

"చూశానని చెప్పు."

"చూశాడట."

"కొత్త ఇంజను, నిదానంగా తిప్పమను. యాక్సిలరేటరు నొక్కితే ఊరుకోనని చెప్పు."

"నిదానంగా తిప్పాలట. నొక్కకూడదట."

"సరేనను" అన్నాడు తుర్రు, ఎప్పుడూ లేనిది, బుద్ధిమంతుడిలా.

ఇక ఈ వారం సంగతి.

బండి ర్యాంపు పక్క మెట్ల దగ్గర్నుంచి కదిలి వెళ్ళాక పెద్ద కోడలు చేతులు తుడుచుకుంటూ షెడ్డులోకి వచ్చింది. ఎండ ఇంకా షెడ్డులోకి రాలేదు. గ్రీజు వాసన, తడి రబ్బరు వాసన. స్టాండు మీద నల్లబండి సీటు ఊడదీసి, వెనక పంపు విప్పి, ఆపరేషను బల్ల మీద మనిషిలా పడి ఉంది. మేస్త్రి ఓ మూల బోర్లించిన డబ్బా మీద కూర్చుని గుడ్డతో వేళ్ళ సందులు తుడుచుకుంటున్నాడు. తుడిచిన వేలే తుడుస్తున్నాడు.

చీపురు కోసం బల్ల దగ్గరికి వెళ్ళింది ఆవిడ. గ్రీజు డబ్బా మూత ఒకటి బల్ల అంచున వెల్లకిలా ఉంది. అందులో రెండు నల్లటి బిరడాలు.

బిరడా అంటే పెద్ద వస్తువేం కాదు, బొటనవేలంత ఉంటుంది. బండి వెనక అడుగున రెండు చిల్లులుంటాయి. కడిగాక లోపల చేరిన నీళ్ళు కారిపోవడానికి వాటిని తీసి పెడతారు. బండి నీళ్ళలో దిగే ముందు మళ్ళీ బిగిస్తారు. బిగించకపోతే అది బండి కాదు, జల్లెడ.

పెద్ద కోడలు వాటిని వేలితో తాకి చూసింది. నల్లబండివి కాబోలు అనుకుంది. అనుకుంటూనే నల్లబండి వెనక్కి వెళ్ళి వంగింది. దాని బిరడాలు దానికే ఉన్నాయి.

"ఏమండీ" అంది. "ఈ బిరడాలు ఎక్కడివి?"

మేస్త్రి తలెత్తలేదు.

"మిమ్మల్నేనండీ! పసుపుబండివి ఇక్కడున్నాయేంటి? చూశానన్నాడు కదా!"

"చూశాడు" అన్నాడు మేస్త్రి. "ఆ మూతలో ఉండగా చూశాడు. చూశానని చెప్పాడు. వాడేం అబద్ధం చెప్పలేదు."

ఆవిడకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాత అర్థమైంది. చూడమను అంటే బిగించమని మేస్త్రి మాట. భుజం పట్టేసి తను బిగించలేడు కాబట్టి చూడమన్నాడు. తుర్రుకు ఆ షెడ్డులో పద్ధతి ఒకటే తెలుసు, తీసినవాడే బిగించాలి. అన్న తీశాడు, అన్నే బిగిస్తాడు, ఎక్కడ పెట్టాడో కనపడిందా అని అడుగుతున్నాడు అనుకున్నాడు. కనపడింది. చూశానన్నాడు. ఇద్దరూ నేరుగా మాట్లాడుకుని ఉంటే, "చూశావంటే బిగించావా?" అని ఒక్క ముక్క ఎక్కువ వచ్చి ఉండేది. వదిన గారి ద్వారా వెళ్ళేసరికి ఆ ఒక్క ముక్కా రాలేదు. మోసేవాళ్ళు ఇచ్చినంతే మోస్తారు మరి.

"అయ్యో, నేను అడగాల్సింది" అంది. అంతలోనే ఇంకో సంగతి తట్టింది. "మీకెలా తెలుసు? మీరెప్పుడు చూశారు?"

మేస్త్రి గుడ్డను మడతపెట్టాడు. మళ్ళీ విప్పాడు.

"ట్రాలీ లోపలికి లాగేటప్పుడు చూశాను."

"అప్పటికి బండి వెళ్ళిపోయిందా?"

మేస్త్రి మళ్ళీ వేళ్ళ సందులు తుడుచుకోసాగాడు.

"వెళ్ళిపోయిందా అని అడుగుతున్నాను."

"లేదు. మెట్ల దగ్గరే ఉన్నాడు. ఇంజను ఆపే తాడు చేతికి కట్టుకుంటున్నట్టున్నాడు. చాలాసేపు ఉన్నాడక్కడ."

"మరి పిలవలేదేం?"

"పిలుద్దామనే తలుపు దాకా వెళ్ళాను." మేస్త్రి గుడ్డను పక్కన పడేశాడు. "నోరు రాలేదే. నువ్వు కనపడతావేమో నీతో చెప్పిద్దామని చూశాను. నువ్వు లేవు. వాణ్ని నేను పిలవడమేంటి అనిపించింది. జాకెట్ ఉంది, చేపలా ఈదుతాడు, నాలుగు నీళ్ళు తాగితే బుద్ధొస్తుందిలే అనుకున్నాను. ఇంజను పోతే పోయింది, మళ్ళీ విప్పుకుంటాను గానీ..."

"గానీ?"

"వాణ్ని ముందు నేను పిలవను అనుకున్నాను."

పెద్ద కోడలు గోడకు చేరబడింది. కోపం వచ్చి ఉంటే బాగుండేది, నాలుగు మాటలు అని తేలికపడేది. కోపం రాలేదు. ఎందుకంటే మొగుడికి తెలియని ముక్క ఒకటి ఆవిడ దగ్గర ఉంది.

బండి మెట్ల దగ్గర అంతసేపు ఎందుకు ఆగిందో ఆవిడకు తెలుసు.

"చిట్టి కూడా ఎక్కిందండీ" అంది.

మేస్త్రికి వినపడింది. ఇప్పుడు తలెత్తాడు.

"ఒక్క చుట్టు, ఒక్కటంటే ఒక్కటి అని ప్రాణం తీసింది. వాళ్ళ బాబాయి నడిపి ఎన్నాళ్ళయింది! మీరు వద్దంటారని మెట్ల చాటున ఎక్కించాను. చిన్న జాకెట్లు మీ తాళం పెట్టెలో ఉన్నాయి. తాళంచెవి అడిగితే ఎందుకని అడుగుతారు. అందుకని పెద్దది తొడిగాను. బెల్టులన్నీ లాగి కట్టానండీ. అయినా దానికది వదులే. చేతులెత్తితే చెవుల దాకా వస్తోంది..."

వాళ్ళ కూతురు చిట్టికి పదకొండేళ్ళు. నీళ్ళ ఒడ్డున పుట్టి నీళ్ళ ఒడ్డున పెరిగిన పిల్ల, ఈత రాదు. ఇదేం విడ్డూరం అనకండి. తొమ్మిదేళ్ళ దాకా ఇంకా చిన్నపిల్లేగా అన్నారు; ఆ తర్వాత నాన్న నేర్పుతానంటే బాబాయి మొహం మాడ్చుకుంటాడు, బాబాయి నేర్పుతానంటే నాన్న కంచం ముందు నుంచి లేచిపోతాడు. ఎవరి మనసూ నొప్పించకూడదని ఎవరి చేతా నేర్పించలేదు తల్లి.

మేస్త్రి లేచాడు. డబ్బా దొర్లిపోయింది. ఇద్దరూ ర్యాంపు మీదకు పరుగెత్తారు.

నీళ్ళ మధ్యలో పసుపుబండి చక్కగా, ముచ్చటగా, పెళ్ళివారి కారులా నెమ్మదిగా తిరుగుతోంది. వెనక చిట్టి బాబాయి నడుం పట్టుకుని కూర్చుంది. వాళ్ళ తలలు రెండూ చిన్న చుక్కల్లా ఉన్నాయి.

"బానే ఉన్నారుగా" అంది పెద్ద కోడలు, ఆశగా. "ఏం కాలేదుగా?"

"వెనక చూడు."

చూసింది. ఆవిడ కంటికేం తేడా తెలియలేదు.

"కుంగింది" అన్నాడు మేస్త్రి. "ముక్కు పైకి లేచింది చూడు. అప్పుడే తాగుతోంది."

పెద్ద కోడలు ఫోను తీసి తుర్రుకు కొట్టింది. వెనకాల షెడ్డులో, మేకుకు తగిలించిన తుర్రు చొక్కా జేబులో, ఫోను హుషారైన పాట పాడింది. ఆవిడ కట్టెయ్యడం కూడా మర్చిపోయింది. పాట అయిపోయేదాకా పాడి అదే ఊరుకుంది. అవతలి గట్టున జనాన్ని దాటించే పడవ నడిపే ఆయనకు కొట్టింది. ఎత్తాడు. "అయ్యో తల్లీ, ఇదిగో, మోటారు ఎక్కిస్తున్నా, వచ్చేస్తున్నా!" అన్నాడు. ఎక్కించాలి, అంటించాలి, అంత నీళ్ళూ దాటి రావాలి.

"నల్లబండి..."

"పంపు కింద పెట్టాను. బిగించేసరికి పూటవుతుంది."

ఆరేసిన తువ్వాలు ఒకటి లాగి ఊపబోయింది ఆవిడ. మేస్త్రి మంచి చేత్తో ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు.

"ఊపకు!"

"వదలండి! వాళ్ళు చూడాలి!"

"చూస్తే ఆపుతాడే! ఏంటా అని ఆపి చూస్తాడు! విను, విను నా మాట. బండి పరుగులో ఉన్నంతసేపూ లోపలికొచ్చిన నీళ్ళను అదే లాగి బయట పారేస్తుంది. గట్టిగా నొక్కితే వెనక భాగం పైకి లేస్తుంది, చిల్లుల్లోంచి వచ్చేదానికంటే పోయేదే ఎక్కువ. నొక్కుకుంటూ నేరుగా వచ్చి ఈ ఇసుక మీదకు ఎక్కించేశాడా, ఏం కాదు. ఆగిందా, వెనక కుంగుతుంది, గడగడా తాగుతుంది. ఇంజను మునిగితే మళ్ళీ అంటుకోదు."

"నిదానంగా పోతే?"

"నిదానమూ ఆగినట్టే."

ఆవిడ మొగుడి మొహంలోకి చూసింది. "నిదానంగా తిప్పమన్నది మీరేగదండీ."

"నేనే."

"మోసుకెళ్ళి చెప్పింది నేను."

మేస్త్రి ఆవిడ చెయ్యి వదిలాడు. తువ్వాలు ఇద్దరి మధ్యా కిందపడింది. ఎవరూ తియ్యలేదు. పిలిస్తే ఆగుతాడు, పిలవకపోతే మునుగుతాడు. ఏం చెయ్యాలో ఇద్దరికీ తోచలేదు. అంతలో చిట్టి వాళ్ళను చూసింది కాబోలు, ఒక చెయ్యి ఎత్తి ఊపింది. ఎంత సంతోషంగా ఊపిందో! "రెండో చెయ్యి ఎత్తకమ్మా, ఎత్తకు తల్లీ" అని తనలో తనే గొణుక్కుంది.

"మైకు!" అన్నాడు మేస్త్రి.

టిక్కెట్ల గదిలో మైకు ఉంది. గది మీద స్తంభానికి రెండు మూతుల హారను. అద్దె టైము అయిపోయినవాళ్ళను ఒడ్డుకు పిలవడానికి పెట్టింది. పిలిచేది రోజూ పెద్ద కోడలే. పరుగున వెళ్ళి బటన్ నొక్కింది. హారను కుయ్యిమంది.

"తుర్రూ! ఆపకు! గట్టిగా నొక్కు! నొక్కుకుంటూ ఒడ్డుకొచ్చెయ్!"

హారను పాతది. గాలి ఒడ్డు మీదకు కొడుతోంది. ఆవిడ గొంతు వణికి కీచుమంటోంది. నీళ్ళ మీద ఆ మాటల్లో ఏం మిగిలిందో ఏమో! తుర్రు తలైనా తిప్పకుండా ఒక చెయ్యి పైకెత్తి వేలు తిప్పాడు. ఇంకో చుట్టు అని అర్థం. వదిన మైకులో పిలిస్తే ఇంకో చుట్టుకు వీలున్నట్టే అతని లెక్క. చిన్నప్పటి నుంచీ, ఆవిడ కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ అంతే. ఏనాడూ మొదటి పిలుపుకు వచ్చింది లేదు, ఆవిడా ఏనాడూ కోప్పడింది లేదు. ముద్దు చేసింది.

"వినడం లేదండీ!" ఆవిడకు ఏడుపొచ్చేసింది. "నా మాటంటే లెక్కలేదు వాడికి. మీరు చెప్పండి."

మేస్త్రి గుమ్మంలో నిలబడ్డాడు. మైకు వంక చూశాడు, కాటేసే పురుగును చూసినట్టు.

"నా మాట వాడు వింటాడా?"

"మీ మాట వినబట్టేగదండీ అంత నిదానంగా తిప్పుతున్నాడు!"

ఆ మాట మేస్త్రికి ఎక్కడ తగిలిందో గానీ మనిషి తూలాడు. నిజమే. వాడి జన్మలో బండిని అలా నడపలేదు. గాలికి పుట్టినవాడు, అన్న కట్టిన ఇంజను పాడవకూడదని, అన్న చెప్పాడని, ముసలివాళ్ళను కూర్చోబెట్టుకున్నట్టు నడుపుతున్నాడు. బహుశా రాత్రంతా దాన్నే తలుచుకుని ఉంటాడు, బాగా నడిపితే అన్నయ్య ఏదో ఒకటి అంటాడని.

లోపలికొచ్చి మైకు అందుకున్నాడు మేస్త్రి. బటన్ నొక్కాడు. హారనులోంచి ఊపిరి చప్పుడు మాత్రం వెళ్ళింది.

"చెప్పండి!"

పెదవులు కదిలాయి. రెండేళ్ళుగా ఆ పిలుపు ఆ నోట రాలేదు. తుప్పు పట్టిన బోల్టు కూడా మొదటి తిప్పుకు రాదు కదా. పెద్ద కోడలు రెండు చేతులూ మొగుడి వీపు మీద పెట్టి తోసింది, మాటను తోస్తే బయటికొస్తుందన్నట్టు.

"చెప్పండీ, మీకు దణ్ణం పెడతాను!"

"తమ్ముడూ!" అన్నాడు మేస్త్రి.

అరవలేదు. అరవడానికి గొంతు లేదు. కానీ ఏం చిత్రమో, ఆవిడ అరుపులో మాటలన్నీ మింగేసిన ఆ పాత హారను, ఈ ఒక్క మాటనూ చెక్కుచెదరకుండా నీళ్ళ మీద పరిచింది. నీళ్ళ మధ్యలో ఆ రెండు చుక్కల్లో ముందున్నది చటుక్కున ఇటు తిరిగింది.

"తమ్ముడూ, ఆపకురా! నొక్కు! నొక్కి..."

బండి వెనక తెల్లగా లేస్తున్న నురగ పడిపోయింది.

ఇంజను చప్పుడు ఆగింది. పొద్దుటి నుంచీ చెవుల్లో మోగుతున్న చప్పుడు ఉన్నట్టుండి లేకపోయేసరికి గదిలో గాలి కూడా ఆగినట్టయింది. మేస్త్రి చేతిలో మైకు అలాగే ఉండిపోయింది. అది చెడి ఆగిన ఇంజను కాదు. తాడు లాగి ఆపిన ఇంజను. ఆ తేడా అతనికి నిద్రలో కూడా తెలుస్తుంది. అన్న మాట సరిగ్గా వినపడాలని ఆపాడు.

కిటికీలోంచి పెద్ద కోడలు చూస్తూనే ఉంది. బండి ముక్కు మెల్లగా ఆకాశం వైపు లేస్తోంది. చిట్టి నడుం దాకా నీళ్ళలోకి జారి, రెండు చేతులూ పైకెత్తి బాబాయి భుజాల కోసం అందుకుంటోంది.

ఇంజను లేని ఆ నిశ్శబ్దంలో, అంత దూరం నుంచి, తుర్రు గొంతు సంతోషంగా, స్పష్టంగా వచ్చింది.

"ఏంటన్నయ్యా? మళ్ళీ అను! వినపడలేదు!"